పెంటకు మెగా క్యాంపా, నెలనెలా చిన్న జట్టా? నల్లమల, దేవరకొండ వైపు వైద్య సేవకు పోయేవారికి ఎంపిక సలహా

నల్లమల లోపలి చెంచు పెంటల్లోనో (చెంచుల చిన్న ఊళ్లను పెంటలంటారు), నల్లగొండ జిల్లా దేవరకొండ అవతల చందంపేట, నేరెడుగొమ్ము మండలాల తండాల్లోనో ఒక వైద్య శిబిరం పెట్టాలని చాలా జట్లు అనుకుంటాయి. మెడికల్ కాలేజీ పాత బ్యాచ్‌లు, యువజన సంఘాలు, ట్రస్టులు, విదేశాల్లో ఉంటూ సెలవులకు ఇంటికొచ్చిన డాక్టర్లు. అనుకున్న రోజే ఫ్లెక్సీ సైజు ఖరారైపోతుంది. ఏ పద్ధతిలో చేయాలన్నది మాత్రం కూర్చుని మాట్లాడుకునేవాళ్లు తక్కువ.

ఎంచుకోవడానికి అయిదు దారులున్నాయి. ఒక్కరోజు మెగా క్యాంపు, నెలనెలా అదే చోటికి పోయే చిన్న జట్టు, ఒకే జబ్బు మీద స్క్రీనింగ్, సొంత మొబైల్ వ్యాన్, అసలు శిబిరమే పెట్టకుండా రోగిని దవాఖానకు చేర్చి తోడుండే ఏర్పాటు. ఏది మంచిదో తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు: మీరు చీటీ రాసిచ్చిన మనిషికి నలభై రోజుల తర్వాత మందు ఎవరిస్తారు? దీనికి ఒక పేరు, ఒక ఫోన్ నంబరు చెప్పగలిగితే ఆ పద్ధతి పనికొస్తుంది. చెప్పలేకపోతే డాక్టర్లు ఎంత పెద్దవాళ్లయినా లాభం లేదు.

ముందు చోటు సంగతి

పెంటనూ తండానూ ఒకే ప్లాన్‌తో చూడటం దగ్గరే సగం శిబిరాలు చెడిపోతాయి.

చెంచులు తెలంగాణలోని నాలుగు అతి బలహీన గిరిజన తెగల్లో ఒకరు. మిగతావాళ్లు కోలాములు, తోటీలు, కొండరెడ్లు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, అంటే ఇప్పటి నాగర్‌కర్నూల్‌లో, అమ్రాబాద్, పదర, లింగాల, అచ్చంపేట మండలాల్లో వీళ్ల పెంటలున్నాయి. అప్పాపూర్, మల్లాపూర్, రాంపూర్, భౌరాపూర్ లాంటివి అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉంటాయి. చిన్న చిన్న పెంటలు. దారి మట్టిది, వానాకాలంలో వాగులు అడ్డం వస్తాయి, ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల అందదు. చెంచులు మాట్లాడేది తెలుగే కాబట్టి దుబాసీ అక్కర్లేదు. కానీ కొత్త మనిషితో మొదటి రోజే జబ్బు సంగతి విప్పి చెప్పరు. మొదటిసారి పోయినప్పుడు ‘ఒళ్లు నొప్పులు’ అని చెప్పిన మనిషి మూడోసారికి దగ్గులో నెత్తురు పడుతోందని చెబుతాడు.

తండాల లెక్క వేరు. దేవరకొండ డివిజన్‌లో లంబాడ తండాలు పెద్దవి, ఎక్కువ వాటికి ఆటో పోయే దారి ఉంది. ఇక్కడి అసలు చిక్కు వలస. పంట పని అయిపోయాక హైదరాబాద్‌కో, అంతకన్నా దూరానికో కూలికి పోతారు. పండుగలకు వస్తారు, మళ్లీ పోతారు. జనవరి చివర్లో క్యాంపు పెడితే వచ్చేది ముసలివాళ్లు, చిన్నపిల్లలే. దసరా, సంక్రాంతి, ఉగాది ముందూ వెనకా రోజుల్లో పెడితే నడివయసు వాళ్లు దొరుకుతారు. పెద్ద వయసు ఆడవాళ్లకు లంబాడ భాషే సులువు. నెలసరి, కాన్పు సంగతులు అడగడానికి తండాకు చెందిన ఒక ఆడమనిషి పక్కన ఉండాలి. సర్పంచ్ భర్తను ఆ కుర్చీలో కూర్చోబెడితే ఎవరూ నోరు విప్పరు.

పెంటల్లోనూ కాలం చూసుకోవాలి. ఇప్పపువ్వు, తునికాకు, తేనె పనులున్న ఎండాకాలంలో పొద్దున్నే అడవికి పోతారు. పది గంటలకు టెంటు వేసుకుని కూర్చుంటే ఖాళీ గుడిసెలే కనిపిస్తాయి. తెల్లవారుజామునో సాయంత్రమో పోవాలి. సాయంత్రం అంటే అడవి దారిలో చీకటి పడుతుంది కాబట్టి ముందురోజు రాత్రి అచ్చంపేటలోనో మన్ననూరులోనో ఉండి పొద్దున్నే, వాళ్లు అడవికి బయలుదేరేలోపే పెంట చేరడం సరైన పద్ధతి.

ఒక్కరోజు మెగా క్యాంపు

దీని బలహీనత అర్థం కావాలంటే గడియారం చూడాలి. హైదరాబాద్‌లో తెల్లవారి అయిదింటికి బస్సు కదిలితే మన్ననూరు చెక్‌పోస్టుకు తొమ్మిది. కాగితాలు చూపించి, మట్టి దారిలో లోపలికి పోయి, టేబుళ్లు వేసేసరికి పదకొండు. చీకటి పడేలోగా బయటపడాలంటే మూడున్నరకు సర్దుకోవాలి. శ్రీశైలం రోడ్డు మీద అడవి మధ్యలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా వాహనాలను పోనివ్వరు, ఆ సంగతి వేరే. మధ్యలో తిండి వేళ తీసేస్తే మొత్తంగా చేతికి దొరికేది నాలుగు గంటలు. నలుగురు డాక్టర్లు ఉంటే 960 నిమిషాలు. ‘400 మందికి వైద్య పరీక్షలు’ అని పత్రికకు రాసి పంపితే ఒక్కొక్కరికి దక్కింది రెండున్నర నిమిషాలు కూడా కాదు. అందులో బీపీ చూడటం, పేరు రాయడం కూడా ఉన్నాయి.

రెండు నిమిషాల్లో చేయగలిగేది ఒక్కటే: నొప్పి గోలీలు, గ్యాస్ గోలీలు, బి-కాంప్లెక్స్ ఇచ్చి పంపడం. బీపీ 170/100 వచ్చిన మనిషికి నెల మందు ఇస్తారు. ఆ నెల అయిపోయాక ఆపేస్తాడు. ‘డాక్టరు ఇచ్చిన కోర్సు పూర్తయింది’ అనుకుంటాడు, అందులో అతని తప్పేమీ లేదు. కాబట్టి తర్వాతి నెల పల్లె దవాఖాన నుంచి మందు అందే ఏర్పాటు చేయకుండా బీపీకి, షుగరుకు మందు మొదలుపెట్టకూడదు. పేరు, రీడింగు రాసి ఏఎన్‌ఎంకు (ఊరి ఆరోగ్య నర్సు) అప్పగించాలి. మరీ ఎక్కువగా ఉంటే అదే రోజు వెంట తీసుకుపోవాలి.

ఇంకో చిక్కు, మిగిలిపోయిన మందులు. కంపెనీ శాంపిళ్లు, గడువు దగ్గరపడ్డ స్ట్రిప్పులు అట్టపెట్టెల్లో తెస్తారు. కత్తెరతో సగం కోసి ఇచ్చిన స్ట్రిప్పులో మందు పేరు ఒకరికి, గడువు తేదీ ఇంకొకరికి పోతుంది. తర్వాత ఆ ఇంట్లో పిల్లవాడికి ఫిట్స్ వచ్చి దవాఖానకు తెస్తే, ఏం మింగాడో డాక్టరుకు తెలిసే దారి ఉండదు.

అయినా మెగా క్యాంపుకు చోటుంది. రోడ్డు పక్క పెద్ద తండాలో, లేదా చుట్టుపక్కల నాలుగు తండాలకు కూడలి అయిన ఊళ్లో, కంటి పరీక్ష, పళ్లు, చర్మం లాంటి ఒకసారి చూస్తే తేలిపోయే పనులకు ఇది బాగానే నడుస్తుంది. పళ్లు పీకే పని ఉంటే ఆటోక్లేవ్ చేసిన (ఆవిరితో శుద్ధి చేసిన) సెట్లు ఎన్ని ఉన్నాయో అంతమందికే టోకెన్లు ఇవ్వండి. ఇరవై సెట్లుంటే ఇరవై మంది. పీకడం మధ్యాహ్నం లోపే ముగించాలి, ఎందుకంటే రక్తం ఆగకపోతే మీరు అక్కడ ఉండగానే తెలియాలి.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి మండలాల వైపు ‘ఫ్లోరోసిస్ క్యాంపు’ పెట్టి కాల్షియం గోలీలు పంచే ఆలోచన ఉంటే మానుకోండి. వంగిపోయిన ఎముక గోలీలతో తిరిగి రాదు. ఆ రోజును నీళ్లకు ఖర్చు పెట్టండి. ఏ ఇంట్లో మిషన్ భగీరథ నీళ్లు తాగుతున్నారు, ఎవరు ఇంకా బోరు నీళ్లతో వంట చేస్తున్నారు, ఆ బోరులో ఫ్లోరైడ్ ఎంత? లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీటి వసతి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ జాబితాను పంచాయతీకి ఇస్తే పిల్లల ఎముకలైనా నిలబడతాయి.

నెలనెలా అదే పెంటకు పోయే చిన్న జట్టు

పెంటల విషయంలో మా ఓటు దీనికే. ఒక డాక్టరు, ఒక నర్సు, మందులిచ్చే ఒక ఫార్మసిస్టు, రాసుకునే ఒక మనిషి, డ్రైవరు. ఒక బొలేరో సరిపోతుంది. రెండు లేదా మూడు పెంటలు, అంతకు మించొద్దు. ప్రతి నెలా అదే వారం, అదే రోజు. ‘రెండో శనివారం’ అంటే జనానికి గుర్తుండదు; అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త ముందురోజు ఇంటింటికీ పోయి చెప్పేలా మాట్లాడుకోండి.

నెల గడువు ఎందుకు సరిగ్గా సరిపోతుందో రక్తహీనత చూస్తే తెలుస్తుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత. 7 నుంచి 10.9 మధ్య ఉంటే 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న గోలీలు రోజుకు రెండు. సరిగ్గా మింగితే నెలకు సుమారు ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే మూడు కారణాలు వెతకాలి: మింగడం లేదు, నులిపురుగులున్నాయి, లేదా వేరే జబ్బు ఉంది. ఒక్కరోజు క్యాంపులో ఇచ్చిన ఐరన్ గోలీకి ఈ ‘పెరిగిందా’ అన్న ప్రశ్నే ఉండదు. 7 కన్నా తక్కువ ఉంటే గోలీలతో ఆగొద్దు, అచ్చంపేటకో నాగర్‌కర్నూల్‌కో తీసుకుపోవాల్సిందే.

ఐరన్ మింగితే కడుపులో తిప్పుతుందని, దొడ్డికి నల్లగా వస్తుందని ముందే చెప్పాలి. చెప్పకపోతే మూడో రోజు పారేస్తారు. టీతో పాటు వేసుకోవద్దని చెప్పాలి. ఎర్రగా మెరిసే ఆ గోలీలను పిల్లలు చాక్లెట్లనుకుని మింగితే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి మూత గట్టి డబ్బాలో వేసి దూలానికి వేలాడదీయమనాలి. గుడిసెలో అల్మారా ఉండదు.

గజ్జి ఈ పద్ధతికి పరీక్ష లాంటిది. గోక్కుంటూ వచ్చిన పిల్లవాడికి ఒక్కడికే ట్యూబు ఇస్తే పదిహేను రోజుల్లో మళ్లీ మొదలు. ఇంటిల్లిపాదికీ ఒకే రాత్రి పూయాలి, వారానికి మళ్లీ పూయాలి. 5 శాతం పర్మెత్రిన్ క్రీము పెద్ద మనిషికి ఒకసారికి 30 గ్రాములు పడుతుంది. అయిదుగురున్న ఇంటికి సుమారు 100 గ్రాములు. ముప్పై ఇళ్ల పెంటకు ఒక విడతకే మూడు కిలోలు, అంటే 30 గ్రాముల ట్యూబులు వంద. రెండు విడతలకు రెండు వందలు. ఈ లెక్క వేయకుండా ఇరవై ట్యూబులతో పోతే ఆ ఇరవై ట్యూబుల డబ్బూ వృథా. మెడ కింది నుంచి పాదాల దాకా, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో పూసి రాత్రంతా ఉంచి పొద్దున కడగాలి. చిన్నపిల్లలకు తలకు కూడా. ఎండాకాలంలో బట్టలన్నీ ఉడకబెట్టే నీళ్లు పెంటలో ఉండవు. దుప్పట్లను ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టి మూడు రోజులు పక్కన పెట్టినా పురుగు చస్తుంది. గర్భిణులకు, 15 కిలోల లోపు పిల్లలకు ఐవర్‌మెక్టిన్ గోలీ ఇవ్వొద్దు.

ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు బరువు తూచే యంత్రం లేకపోయినా జబ్బ కొలత టేపు ఉంటే చాలు. 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే తీవ్ర పోషకాహార లోపం, 12.5 లోపు ఉంటే మధ్యస్థం. తీవ్రమైన వాళ్లలో ఆకలి లేనివాళ్లను, జ్వరం, వాపు ఉన్నవాళ్లను పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి. అక్కడ రెండు వారాలు ఉండాల్సి వస్తుంది. తల్లి ఎందుకు రానంటుందో అడగండి. మిగతా ఇద్దరు పిల్లల్ని ఎవరు చూస్తారన్నదే ఆమె బాధ. నానమ్మకు ఆ రెండు వారాలు బియ్యం, పప్పు ఇస్తే బయలుదేరుతుంది.

నెలకు ఒక పెంటకు, నూట యాభై మంది జనాభాకు, సంచిలో ఉండాల్సినవి చాలా తక్కువ. ఓఆర్‌ఎస్ పొట్లాలు 60, జింక్ 20 మిల్లీగ్రాముల గోలీలు 140. ఇవి పది మంది పిల్లలకు 14 రోజుల చొప్పున; ఆరు నెలల లోపు పసివాళ్లకు సగం గోలీ. పారాసిటమాల్ గోలీలు, సిరప్పు, అమాక్సిసిలిన్, ఐరన్, కంటి చుక్కలు, గాయాలకు పోవిడోన్ అయోడిన్, గాజ్ గుడ్డ, బీపీ మందులు ముందు నెల రిజిస్టర్లో ఉన్నవాళ్ల లెక్క ప్రకారం. నులిపురుగుల మందు ఆల్బెండజోల్ మాత్రం బడిలో, అంగన్‌వాడీలో సర్కారు ఎప్పుడు ఇచ్చిందో కనుక్కున్నాకే ఇవ్వాలి. సెలైన్ బాటిళ్లు తీసుకుపోవద్దు. గ్లూకోజ్ ఎక్కించమని అడుగుతారు, సూది వేయకపోతే డాక్టరు మంచివాడు కాదంటారు. మొదటి రెండు నెలలు ఆ మాట పడండి.

మందు కవరు మీద అక్షరాలు చాలవు. సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసి, ఎన్ని గోలీలో అన్ని చుక్కలు పెట్టండి. హిమోగ్లోబిన్, షుగర్ స్ట్రిప్పుల డబ్బాను మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే తప్పుడు రీడింగులే వస్తాయి. వాటికో చిన్న ఐస్ లేని కూల్ బాక్సు పెట్టుకోండి. మూత తీశాక తేమ తగలకుండా వెంటనే బిగించండి.

ఇక ఈ పద్ధతి ఎక్కడ విరుగుతుంది? రెండు చోట్ల. మొదటిది జూలై నుంచి సెప్టెంబరు. వాగులు పొంగి జట్టు లోపలికి పోలేని ఆ నెలల్లోనే జ్వరాలు, విరేచనాలు ఎక్కువ. కాబట్టి జూన్‌లో పోయినప్పుడే మూడు నెలల ఓఆర్‌ఎస్, జింక్, పారాసిటమాల్ ఆశా దగ్గర ఉంచాలి. మలేరియా ర్యాపిడ్ కిట్లు, మందులు పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) నుంచే ఆమెకు అందేలా డాక్టరుతో మాట్లాడాలి. వైవాక్స్ రకం మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ 14 రోజుల మందు. గర్భిణులకు, పసిపిల్లలకు, జీ6పీడీ లోపం (రక్తకణాల్లో ఒక ఎంజైమ్ తక్కువ కావడం) ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. అందుకే దాన్ని సంచిలో వేసుకుని పంచే మందుగా చూడొద్దు. రెండోది, జట్టులోని ఉత్సాహం. ఆరో నెలకు డాక్టరుకు పెళ్లిళ్లు, పరీక్షలు అడ్డొస్తాయి. పన్నెండు నెలలకు కనీసం ముగ్గురు డాక్టర్లు వంతులు రాసుకుని సంతకం పెట్టకుండా మొదటి నెల పోవద్దు. రెండుసార్లు చెప్పి రాకపోతే మూడోసారి ఆ పెంటలో ఎవరూ లేచి రారు.

అనుమతులు

మూడు నాలుగు వారాల ముందు మొదలుపెట్టండి. జిల్లా వైద్యారోగ్య శాఖాధికారికి దరఖాస్తు, దానికి డాక్టర్ల మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నకళ్లు, మందుల జాబితా. చెంచు పెంటలైతే మన్ననూరు ఐటీడీఏకు (గిరిజనాభివృద్ధి సంస్థ) ఒక కాపీ. అభయారణ్యం లోపలైతే అటవీ శాఖ అనుమతి తప్పదు. అందరి పేర్లు, గుర్తింపు కార్డులు, బండి నంబర్లు ముందే ఇవ్వాలి. చివరి నిమిషంలో బండి మారితే చెక్‌పోస్టు దగ్గర గంట పోతుంది. పోర్టబుల్ అల్ట్రాసౌండ్ యంత్రం వెంట తెస్తామనే డాక్టర్లుంటారు. లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టర్ అయిన చోటు దాటి దాన్ని శిబిరంలో వాడితే కేసవుతుంది. వద్దని గట్టిగా చెప్పండి.

వాడిన సూదులు, దూది, స్ట్రిప్పులు పెంటలో గొయ్యి తీసి పూడ్చకూడదు. 2016 వైద్య వ్యర్థాల నియమాలు శిబిరాలకు కూడా వర్తిస్తాయి. సూదులకు గుచ్చుకోని తెల్ల డబ్బా, నెత్తురంటిన దూదికి పసుపు సంచి. రెండూ అదే రోజు వెనక్కి తెచ్చి, ముందుగా మాట్లాడుకున్న దవాఖానలో అప్పగించాలి.

ఒకే జబ్బు మీద స్క్రీనింగ్

కళ్లకు ఇది బంగారం. నలభై దాటిన వాళ్లకు దగ్గరి చూపు అద్దాలు పెంటలోనే ఇవ్వొచ్చు. నలభై నుంచి నలభై అయిదుకు ప్లస్ 1, యాభైకి దగ్గరగా 1.5, యాభై అయిదుకు 2, ఆపైన 2.5 అన్నది మోటు లెక్క. పెట్టి చూపించి సరిచేయాలి. సంచిలో 1.5, 2, 2.5 ఎక్కువ వేసుకోండి. విస్తరాకులు కుట్టే ఆడవాళ్లకు, బట్టల మీద అద్దాలు కుట్టే లంబాడ ఆడవాళ్లకు అదే రోజు తేడా తెలుస్తుంది.

శుక్లం ఆపరేషన్ మాత్రం దవాఖానలోనే జరగాలి. బడి గదిలో ఆపరేషన్ టేబుల్ వేసే కాలం పోయింది. రోగిని తీసుకుపోవడం, మరునాడు చూడటం, వారానికి, నెలకు మళ్లీ చూడటం ఒప్పందంలో రాయించుకోండి. చుక్కల మందు నాలుగు నుంచి ఆరు వారాలు వేయాలి. ఒంటరి ముసలామెకు ఎవరు వేస్తారు, పొయ్యి పొగ దగ్గర ఎవరు వండుతారు అన్నది తేల్చకుండా బస్సు ఎక్కించొద్దు.

టీబీకి కూడా స్క్రీనింగ్ మంచి ఎంపికే, ఎందుకంటే వెనకాల సర్కారు కార్యక్రమం నిలబడి ఉంది. రెండు వారాలు దాటిన దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు అడగండి. తెమడను టెంటులో, లైన్లో కాదు, ఆరుబయట పది అడుగుల దూరంలో తీయించండి. డబ్బా పక్కన పేరు రాయండి, మూత మీద కాదు. ల్యాబ్‌లో మూతలు మారిపోతాయి. ఐస్ ప్యాకుల డబ్బాలో అదే రోజు పీహెచ్‌సీకి చేర్చండి. టీబీ తేలితే సర్కారుకు తెలియజేయడం 2012 నుంచి ప్రైవేటు డాక్టర్లకూ తప్పనిసరి. మందు ఆరు నెలలు. టీబీ రోగుల తిండికి సర్కారు డబ్బిచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. ఖాతా లేని చెంచు రోగికి అది తెరిపించడం మీరు చేయగల అసలు సాయం.

సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు) విషయంలో తొందరపడొద్దు. 2023 జూలై 1న మొదలైన జాతీయ మిషన్ కింద పరీక్షలు నడుస్తున్నాయి. శిబిరంలో చేసే సాల్యుబిలిటీ పరీక్ష జబ్బు ఉన్నవాళ్లనూ, వాహకులను (జబ్బు లేకపోయినా పిల్లలకు అందించగలవాళ్లను) కూడా పాజిటివ్‌గానే చూపిస్తుంది. ఆరు నెలల లోపు పసివాళ్లలో నమ్మడానికి లేదు. హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబ్ రక్త పరీక్షతో నిర్ధారించి, కూర్చోబెట్టి చెప్పే ఏర్పాటు లేకుండా చేస్తే మిగిలేది ఒక ఆడపిల్ల సంబంధం చెడిపోవడం.

సొంత మొబైల్ వ్యాన్

దాతలకు ఇది బాగా నచ్చుతుంది, ఎందుకంటే పేరు రాయడానికి పెద్ద చోటు ఉంటుంది. మూడేళ్ల డ్రైవరు జీతం, డీజిల్, టైర్లు, నర్సు జీతం చేతిలో ఉంటేనే కొనండి. పెద్ద వ్యాను లోపలి పెంటల మట్టి దారిలో దిగబడుతుంది. పైగా 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకం కింద ఇలాంటి తెగల కోసం సంచార వైద్య బండ్లు పెట్టే ఏర్పాటు ఉంది. మీరు పోవాలనుకున్న పెంటకు ఆ బండి ఏ రోజు వస్తోందో ముందు ఐటీడీఏలో అడగండి. వస్తుంటే రెండో బండి అక్కర్లేదు. రాకపోతే ఎందుకు రావడం లేదో తెలుసుకుంటే మీ బండి కూడా ఎందుకు రాలేకపోవచ్చో ముందే తెలిసిపోతుంది.

తోడు మనిషి

ఎవరూ ఎంచుకోని దారి ఇది. ఫోటోలు రావు. కానీ డాక్టర్లు లేని జట్టు కూడా చేయగలిగింది, ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

రెఫరల్ చీటీ పట్టుకుని ఒంటరిగా దవాఖానకు పోయే పెంట మనిషి అరుదు. అచ్చంపేట దాకా బండి ఖర్చు, నాగర్‌కర్నూల్‌లో ఏ గదికి పోవాలో తెలియకపోవడం, ఓపీ వేళ దాటిపోవడం, ‘ఆధార్ తెచ్చావా’ అన్న మాట. వీటిలో ఏ ఒక్కటి అడ్డొచ్చినా వెనక్కి వచ్చేస్తాడు. మళ్లీ పోడు. అందుకే పెంటకు చెందిన లేదా పక్క ఊరి, చదువుకున్న ఒక చెంచు యువతినో యువకుడినో నెల జీతానికి పెట్టుకోండి. పని ఇదీ: రోగితో పాటు పోవడం, ఓపీ చీటీ తీయడం, డాక్టరు మాట రాసుకోవడం, మందు తీసుకుని ఎలా వేసుకోవాలో చూపించడం, వారానికి ఇంటికి పోయి గోలీలు లెక్కపెట్టడం. రోగికి బస్సు ఛార్జీ, భోజనం, కోల్పోయిన కూలి. చేరిన రోగి పక్కన ఉండేవాళ్లకు రోజు భోజనం. చనిపోతే శవాన్ని పెంటకు చేర్చే బండి ఖర్చు కూడా ముందే పక్కన పెట్టండి; ఆ భయంతోనే చాలామంది పెద్ద దవాఖానకు రామంటారు.

కాగితాల పని కూడా ఈ మనిషిదే. రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు 9 నుంచి 10 లక్షలు. కానీ రేషన్ కార్డులో పేరు లేకపోయినా, ఆధార్‌లో వేలిముద్ర పడకపోయినా ఆపరేషన్ బల్ల దగ్గర ఆ పది లక్షలు సున్నా. బంక తీసి, గడ్డలు తవ్వి అరిగిన వేళ్లకు ముద్రలు పడవు. ఆధార్ కేంద్రానికి తీసుకుపోయి బయోమెట్రిక్ మళ్లీ చేయించడం ఒక పూట పని, జబ్బు రాకముందే చేయాలి.

పాము కాటు, ఎలుగుబంటి దాడి, తేనె కోసం ఎక్కి కొండ మీంచి పడటం లాంటివి శిబిరం రోజున జరగవు. ఫోన్ అందని పెంటకు 108 రావాలంటే ఎవరో ఒకరు సిగ్నల్ ఉన్న చోటికి పోవాలి. ఆ చోటు ఏదో, రాత్రి బైకు ఎవరిదో, అటవీ శాఖ బేస్ క్యాంపు వైర్‌లెస్ వాడుకోవచ్చో లేదో ముందే మాట్లాడి గోడ మీద బొగ్గుతో అయినా రాయించండి. కాటు పడ్డ చోట కోయొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు, కాలు కదలకుండా కర్ర పెట్టి మోసుకు రావాలి. విష విరుగుడు మందు ఉన్న దవాఖాన ఏదో ఆ తోడు మనిషికి తెలిసి ఉండాలి. ఉందో లేదో నెలకోసారి పోయి అడగాలి.

ఎవరికి ఏది

ఏడాదికి ఒక్క రోజు మాత్రమే దొరికే డాక్టర్లు ఇరవై మంది ఉంటే పెంటకు పోవద్దు. దేవరకొండ ఏరియా దవాఖానతోనో, అచ్చంపేట ఏరియా దవాఖానతోనో మాట్లాడి అక్కడే స్పెషలిస్టు ఓపీ పెట్టండి, పెంటల నుంచి రోగుల్ని తెప్పించడానికి బండ్లు పెట్టండి. ల్యాబ్ అక్కడే ఉంటుంది, సర్కారు డాక్టరు పక్కనే ఉంటాడు. మట్టి దారిలో కుదిపిన రక్తం నమూనాలు చెడిపోయే బెడద కూడా తప్పుతుంది.

ముగ్గురు నలుగురు డాక్టర్లు పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లోనే ఉంటే నెలనెలా జట్టు. డబ్బుండి డాక్టర్లు లేకపోతే తోడు మనిషి. విదేశం నుంచి మూడు వారాలకు వచ్చేవాళ్లు ఇక్కడి మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ లేకుండా రోగికి మందు రాయకూడదు. ఏఎన్‌ఎంలకు, ఆశాలకు శిక్షణ ఇవ్వడం, అద్దాల నంబర్లు చూడటం నేర్పడం వాళ్లకు తగిన పని.

వేరే సంస్థతో కలిసి పోవాలనుకునే విద్యార్థులు, నర్సులు చేరేముందు ఒకటి అడగండి: పోయిన ఏడాది రెఫర్ చేసినవాళ్లలో దవాఖాన చేరినవాళ్లు ఎందరు? రిజిస్టర్ తీసి చూపిస్తే చేరండి. ఆల్బమ్ తీసి చూపిస్తే ఆలోచించండి. గుడిసె ముందు నిలబెట్టి రోగి ఫోటో తీయడానికి ఆ రోగి ఒప్పుకోవాలి. మందు చేతిలో పెట్టే ముందు అడిగితే అది ఒప్పుకోవడం కాదు. మందు ఇచ్చేశాక అడగాలి.

ఆపేయాల్సి వస్తే కూడా పద్ధతుంది. మూడు నెలల ముందు పెంటలో చెప్పండి. రిజిస్టర్లో ఉన్న బీపీ, షుగర్, టీబీ, ఫిట్స్ రోగులను ఒక్కొక్కరినీ తీసుకుపోయి పీహెచ్‌సీ డాక్టరుకు ముఖాముఖి పరిచయం చేయండి. రిజిస్టర్ నకలు ఏఎన్‌ఎంకు, ఒకటి మెడికల్ ఆఫీసరుకు ఇవ్వండి. ఫిట్స్ మందు ఒక్క వారం ఆగినా ప్రమాదం కాబట్టి ఆ రోగులకు రెండు నెలల మందు చేతిలో పెట్టి, పీహెచ్‌సీలో అదే మందు స్టాకు ఉందో లేదో చూసుకుని మరీ రండి.